ధర్నా చౌక్‌లో యుద్ధ వ్యతిరేక ప్రదర్శనకు అనుమతి ఎలా తీసుకోవాలి?

నమస్కారం. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై మొదలుపెట్టిన యుద్ధాన్ని ఆపాలని కోరుతూ, హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌లో ఒక సాయంత్రం మౌనంగా నిలబడాలని మా కాలనీవాళ్లం పన్నెండు మందిమి అనుకుంటున్నాము. మా అమ్మాయి నీలం స్కెచ్ పెన్నుతో ‘యుద్ధం వద్దు’ అని రాసిన అట్ట ఇప్పటికే గోడకు ఆనించి ఉంది. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులకు ఇస్తున్నది. అంతర్జాతీయ శాంతికి రాజ్యం పాటుపడాలని 51వ అధికరణం చెబుతున్నది కనుక, ఆ మాటను ప్రభుత్వానికి గుర్తుచేయడం ఓటు వేయడమంత బాధ్యత అని నా నమ్మకం. 2003 ఫిబ్రవరి 15న లండన్, రోమ్ వీధులు జనంతో నిండినా ఇరాక్ యుద్ధం ఆగలేదు, నిజమే. అయినా ఆ రోజు వాళ్లు ఇంట్లో కూర్చోలేదు. పోలీసు అనుమతికి దరఖాస్తును ఎవరికి, ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి? పిల్లలను వెంట తీసుకువెళ్లవచ్చా? ఇంతకుముందు అనుమతి తీసుకున్నవారు దయచేసి తెలియజేయగలరు.