శిక్ష ఉంచి అట్రాసిటీ సెక్షన్ తీసేస్తే నష్టం ఎవరికి?

సాగర్_నల్లగొండ: 2011లో ఆంధ్రలో పుట్టుకతో చూపులేని ఎస్సీ అమ్మాయి మీద అన్నల స్నేహితుడే అత్యాచారం చేశాడు. గొంతు బట్టి గుర్తుపట్టింది, కోర్టులూ నమ్మాయి. అయినా 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అత్యాచారానికి యావజ్జీవం ఉంచి, ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టంలో కులం కారణంగా చేసే పెద్ద నేరాలకున్న 3(2)(వి) సెక్షన్ కింద నేరం రుజువైందన్నది మాత్రం కొట్టేసింది. ఇదేం లెక్క?

రాజు_గుంటూరు: శిక్ష తగ్గిందా? లేదు. మరి గొడవెందుకు?

వకీలు_పద్మ: 2016 జనవరి 26కి ముందు చట్టంలో 'ఆ కులం అన్న కారణంతో' అని ఉండేది, తర్వాత 'ఆ కులమని తెలిసి' అని మార్చారు. నేరం 2011ది కాబట్టి పాత మాటే చూడాలి. కులం ఒక్కటే కారణం కానక్కర్లేదని ఆ తీర్పే చెప్పింది, కానీ ప్రాసిక్యూషన్ కులం సంగతికి సాక్ష్యమే పెట్టలేదు.

సాగర్_నల్లగొండ: ఏం సాక్ష్యం తేవాలక్కా? మీద పడేటప్పుడు కులం పేరు పెట్టి తిట్టాలా?

రాజు_గుంటూరు: మా బాబాయి మీద గట్టు తగాదాలో అట్రాసిటీ కేసు పెట్టారు. ఆరేళ్ళు వాయిదాలకు తిరిగి, ఎద్దులమ్ముకున్నాక కొట్టేశారు. సాక్ష్యం ఉండాల్సిందే.

చింతచెట్టు: గట్టు తగాదాకీ దీనికీ ఏం సంబంధం సామీ

రాజు_గుంటూరు: సాక్ష్యం అన్నాను, అంతే. శిక్ష తగ్గిందా లేదా చెప్పండి ముందు.

సాగర్_నల్లగొండ: మీ బాబాయికి వాయిదాలన్నా దొరికాయి. మా అక్కని స్టేషన్ బయట వేపచెట్టు కింద పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా కూర్చోబెట్టి, కులం సంగతి తీసేసి రాసుకురామ్మా, తొందరగా తేలిపోద్ది అన్నారు. మా నాన్న ఆ కాగితం మళ్ళీ రాయించడానికి ఒప్పుకోలేదు. కేసుకి నంబరే పడలేదు.

రాజు_గుంటూరు: మీవాళ్ళు ప్రతిదానికీ కులం తెస్తారు, అదే వచ్చింది.

సాగర్_నల్లగొండ: మీవాళ్ళంటే ఎవరండీ? నా కులం నేనెక్కడ రాశాను?

చింతచెట్టు: దొరికిపోయాడు

రాజు_గుంటూరు: సరే, దాపరికమెందుకు. వాడొక్కడు చేస్తే వాడికి పడాలి. ఆ సెక్షన్ పడితే ఊళ్ళో మమ్మల్నందర్నీ బోనెక్కించినట్టుంటుంది. నాకు నచ్చనిది అదే.

సాగర్_నల్లగొండ: ఇది మొదట్లోనే అనుంటే ఇంత టైపు చేసేవాణ్ణి కాదు. మీకు ఆ మాట కాగితం మీద ఉండకూడదు, మాకు ఉండాలి. శిక్ష ఎన్నేళ్ళన్నది కాదు.

వకీలు_పద్మ: ఇప్పుడైతే నిందితుడికి ఆ కుటుంబంతో పరిచయం ఉంటే కులం తెలుసనే కోర్టు అనుకుంటుంది, కాదని వాడే రుజువు చేసుకోవాలి. సాగర్, మీ అక్కది ఏ సంవత్సరం?

సాగర్_నల్లగొండ: 2014.