కరెంటు పొయ్యి వచ్చాక కట్టెల పొయ్యి తీసేయాలా వద్దా?

సౌదామిని: పేద దేశాల్లో కరెంటు వంట పథకాలు చాలావరకు ఎన్ని పొయ్యిలు పంచామా అనే చూస్తున్నాయి, కట్టెల పొయ్యి మాత్రం అలాగే ఉంటోంది. ఇంట్లో పొగ వల్ల 2020లో దాదాపు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. రోజుకి ఒక్కపూట వెలిగించినా ఆ పొగ పీల్చేది ఇంట్లోవాళ్లే కదా. పాతది తీసేయాల్సిందే.

మీటరుబాబు: ముందు కనెక్షన్ సంగతి చూడండి. నేపాల్‌లో చాలా ఇళ్లకి 5 ఆంపియర్ల మీటరే, అంటే 230 వోల్టుల మీద ఒకేసారి వాడగలిగేది 1,150 వాట్లు. ఇండక్షన్ ఫుల్లో పెడితే 2,000 లాగుతుంది, పెట్టగానే ట్రిప్.

గోపి: గిన్నెలు కూడా మార్చాలి, అల్యూమినియంవి ఇండక్షన్ మీద పనికిరావు

సౌదామిని: ఇండక్షన్ ఒక్కటే ఉందా అండీ? ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ 1,000 వాట్లే, గిన్నె దాంతోనే వస్తుంది, ప్రెషర్ వచ్చాక చాలాసేపు కరెంటు తీసుకోదు కూడా.

మీటరుబాబు: 1,150లో 1,000 పోతే మిగిలేది 150. ఫ్రిజ్ ఆపుకోవాలా? దీనికి జవాబు చెప్పండి.

రఘు: బాబుగారూ మీటరు వదలండి ఇక

వనజ: మా ఇంట్లో వోల్టేజి ఒక్కసారిగా పెరిగి ఇండక్షన్ లోపల బోర్డు మాడిపోయింది. సర్వీసు సెంటర్ వాళ్లు వోల్టేజి వల్ల పోతే వారంటీ వర్తించదన్నారు, తర్వాత అసలు ఆ బోర్డే రావట్లేదన్నారు, అది అటక మీదే ఉంది. పాత పొయ్యి తీసేసుంటే పిల్లలకి ఏం వండిపెట్టేదాన్ని?

సౌదామిని: ఒక బోర్డు మాడిందని ఊరంతా పొగలో ఉండాలా? మా అమ్మ జీవితంలో సిగరెట్ ముట్టలేదు, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఊపిరితిత్తులు పాడైంది వంటింటి పొగ వల్లే అన్నారు డాక్టరు. మీరు పొయ్యిని వెనకేసుకొస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది.

వనజ: నేను పొయ్యిని వెనకేసుకురావట్లేదు. దక్షిణ అమెరికాలో ఈక్వడార్ అనే దేశం 2014లో 30 లక్షల ఇళ్లు లక్ష్యంగా ఇండక్షన్ పథకం పెట్టింది, వంటకి నెలకి 80 యూనిట్లు ఫ్రీ అంది, అయినా లక్ష్యానికి చాలా దూరంలో ఆగింది. 2024లో కరువొచ్చి జలవిద్యుత్ పడిపోతే రోజుకి 14 గంటల దాకా కోతలు. గ్యాసు కూడా వదిలేసిన ఇల్లు ఆ రోజు ఏం చేయాలి? నా భయం అదీ. రేటు పెంచేది కరెంటువాళ్లు, కోత పెట్టేది వాళ్లు, బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకేదీ వాళ్లే. కట్టెలు నా చేతిలో ఉన్నాయి.

సౌదామిని: గ్యాసు మాత్రం మన చేతిలో ఉందా? 2015లో భారత్ సరిహద్దులో సరఫరా ఆగిపోయి నేపాల్‌లో సిలిండర్ దొరక్క జనం ఇండక్షన్ల కోసమే పరిగెత్తారు. ఇక కట్టెలంటారా, ఆ మోపు మోసేది ఎవరు? ఆ గంటలకి ఎవరు లెక్కగట్టారు?

వనజ: మోసేది నేనే అండీ. అందుకే తీసేయాలా వద్దా అనేది నేను చెప్పాలి, పథకం రాసేవాళ్లు కాదు.

సౌదామిని: మీరు మోసినంతకాలం మీ అమ్మాయి కూడా మోస్తుంది, ఆ పొగే పీలుస్తుంది. దాన్ని మీ ఇష్టమని ఎలా వదిలేయమంటారు?

వనజ: ఒక్క ఏడాది కోతల్లేకుండా కరెంటు ఇమ్మనండి, పొయ్యి నేనే పడగొడతా.

మీటరుబాబు: ఏడాది తర్వాత సంగతి. ముందు 15 ఆంపియర్ల మీటరు పెట్టమనండి.