ఆర్డెన్ తుర్కిల్ భూములు: కొడుకు సీవార్డ్ వివరాలు ఏ పత్రంలో ఉంటాయి?

ఇంగ్లండ్ మధ్యయుగ చరిత్ర తెలిసినవాళ్ళు కాస్త సాయం చేయండి. వార్విక్‌షైర్‌లోని ఆర్డెన్ తుర్కిల్ కుటుంబం భూములతో ఒక చార్ట్ వేస్తున్నాను. తుర్కిల్ తండ్రి ఆల్విన్ అక్కడి షెరీఫ్ (రాజు తరఫు జిల్లా అధికారి). 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక ఇంగ్లీషు దొరల ఆస్తులు వరసగా ఊడిపోతుంటే వీళ్ళవి నిలిచాయి. 1086 డూమ్స్‌డే సర్వే (రాజు చేయించిన భూముల లెక్క) నాటికి తుర్కిల్ చేతిలో 70 దాకా మేనర్లు (దొరల ఎస్టేట్లు), అదీ నేరుగా రాజు నుంచే! ఆ స్థాయిలో మిగిలిన ఇంకో ఇంగ్లీషువాడంటే లింకన్ కోల్‌స్వైన్ పేరే చెబుతారు.

చిక్కంతా ఆ తర్వాతే. 1088 ప్రాంతంలో రాజు రెండో విలియం, హెన్రీ డి బ్యూమాంట్‌ని వార్విక్‌కి ఎర్ల్‌ని (పెద్ద ప్రభువుని) చేశాడు. ఈ భూముల్లో చాలావరకు ఎర్ల్ కిందికి పోయాయి. తుర్కిల్ కొడుకు సీవార్డ్ కొన్నిటిని అతని కింద ఉండి అనుభవించాడంటారు.

డూమ్స్‌డేలో ఊరూరా చూశాను. హైడ్లు (అప్పటి భూమి కొలత), నాగళ్ళు, అడవి పొడవు వెడల్పులతో సహా ఉన్నాయి కానీ లెక్క 1086తో ఆగిపోతుంది. 1166 నైట్ ఫీజుల (సైనిక సేవకు బదులుగా ఇచ్చిన భూముల) జాబితా మరీ ఆలస్యం. వంశవృక్షాల సైట్లయితే సరాసరి షేక్‌స్పియర్ తల్లి మేరీ ఆర్డెన్ దగ్గరికి దూకేస్తాయి, అదో పిచ్చి.

1088కీ 1166కీ మధ్య సీవార్డ్ ఎర్ల్ కింద ఏ ఊళ్ళు అనుభవించాడో పేర్లతో చెప్పే చార్టర్ (భూమి హక్కు పత్రం) ఏది, అచ్చులో ఎక్కడ దొరుకుతుంది?