విండోస్ కొత్త వెర్షన్ వచ్చేవరకు ఆగాలా, దసరాకే కంప్యూటర్ కొనాలా?

ప్రశ్న: కావలి డీటీపీ (2025 సెప్టెంబరు)

అందరికీ నమస్కారం. కావలిలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, అప్పుడప్పుడు మా ప్రాంతపు కవుల పుస్తకాలు నా దగ్గరికి వస్తుంటాయి. ప్రస్తుతం ఆరో జనరేషన్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్న అసెంబుల్డ్ సిస్టమ్ వాడుతున్నాను. అందులో విండోస్ 10, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపింగ్‌కు అను స్క్రిప్ట్ మేనేజర్, ఫొటోషాప్ ఉన్నాయి. అక్టోబరు 14 తరువాత విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోతాయని తెలిసినప్పటి నుంచి కొత్త సిస్టమ్ కొనాలనే ఆలోచనలో ఉన్నాను.

అయితే విండోస్ 11లో 25హెచ్2 అనే కొత్త వెర్షన్ త్వరలో రాబోతోందని, ఇప్పుడు తొందరపడితే దుకాణాలవాళ్లు పాత సరుకు అంటగడతారని ఒక మిత్రుడు హెచ్చరించాడు. మరొకాయన ఏకంగా విండోస్ 12 వచ్చేవరకు ఆగమంటున్నారు. మహాలయ పక్షాల్లో కొత్త వస్తువు కొనవద్దని ఇంట్లో ఎలాగూ అన్నారు కనుక అమావాస్య దాటేవరకు కొనేది లేదు. ఆ తరువాత దసరాకు కొనడమా, ఇంకా ఆగడమా అన్నదే నా సందేహం. నెల్లూరులో ఒక దుకాణంవారు ఏడో జనరేషన్ సెకండ్‌హ్యాండ్ సిస్టమ్‌లో విండోస్ 11 వేసి, కొత్తదాని ధరలో సగానికే ఇస్తామంటున్నారు. దాని గురించి కూడా మీ అభిప్రాయం చెప్పగలరు.

జవాబు: నెల్లూరు వాసి

కావలి మిత్రులకు నమస్కారం. ఆపరేటింగ్ సిస్టమ్ విడుదల కోసం కొనుగోలును వాయిదా వేసుకోవడంలో ఒకప్పుడు అర్థం ఉండేది, ఎందుకంటే కొత్త వెర్షన్‌కు మళ్లీ డబ్బు కట్టాల్సి వచ్చేది. అందుకే విండోస్ 7 విడుదలైన 2009 అక్టోబరు 22కు ముందే, జూన్ 26 నుంచి విస్టాతో కంప్యూటర్ కొన్నవారిలో అర్హులకు 7కు మారే అవకాశం కల్పించారు. 2012లో విండోస్ 8 వచ్చేముందు కూడా జూన్ 2 తరువాత విండోస్ 7 కంప్యూటర్ కొన్నవారికి 699 రూపాయలకే అప్‌గ్రేడ్ ఇచ్చారు. ప్రజలు కొత్తదాని కోసం ఆగిపోతే దుకాణాల్లో సరుకు కదలదన్న భయమే ఆ పథకాలకు మూలం.

ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. 25హెచ్2 అన్నది ఇప్పుడున్న 24హెచ్2 వెర్షన్ మీదనే పనిచేసే చిన్న ప్యాకేజీ. రెండింటి పునాది ఒకటే. ఈ రోజు 24హెచ్2తో కొన్న కంప్యూటర్‌కు అది విండోస్ అప్‌డేట్ ద్వారా ఉచితంగానే వస్తుంది, ఒకసారి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. విండోస్ 12 విషయానికొస్తే, మైక్రోసాఫ్ట్ ఇంతవరకు దానికి తేదీ సంగతి అటుంచి, పేరు కూడా ప్రకటించలేదు.

మీరు భయపడవలసింది ఆ ఏడో జనరేషన్ సిస్టమ్ గురించి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలని, ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ మొదలుకొని ఉన్న ప్రాసెసర్లనే అంగీకరిస్తామని 2021 జూన్‌లో ప్రకటించారు. ఏడో జనరేషన్‌లో వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని రకాలకు మాత్రమే మినహాయింపు దక్కింది. 2017లో మంచి ధర పెట్టి ఏడో జనరేషన్ కొన్నవారు నాలుగేళ్లకే గీతకు అవతల మిగిలిపోయారు. అటువంటి వాటిలో తనిఖీని దాటవేసి విండోస్ 11 వేయడం సాధ్యమే కాని, అప్‌డేట్లు అందుతాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఏ భయంతో మీరు పాతది మారుస్తున్నారో, సగం ధర పెట్టి మళ్లీ ఆ భయాన్నే ఇంటికి తెచ్చుకోవడమెందుకు? సెకండ్‌హ్యాండే తీసుకోదలిస్తే, దుకాణంలో విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో winver అని కొట్టి వెర్షన్ చూస్తే చాలని కొందరు చెబుతారు, అది సరిపోదు. కంప్యూటర్ విండోస్ 11కు తగినదో కాదో చెప్పే మైక్రోసాఫ్ట్‌వారి పీసీ హెల్త్ చెక్ అనే ప్రోగ్రామ్‌ను మీ కళ్ల ముందు నడిపించమని అడగండి.

జవాబు: ఒంగోలు ప్రెస్

నెల్లూరు వారు చెప్పిన దానితో ఏకీభవిస్తాను. కాని మన వృత్తిలో కొనే రోజు వేరు, పని మార్చే రోజు వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లనే ఎప్పుడు కొనాలన్న ప్రశ్న ఇంత పెద్దదైంది.

విండోస్ 11లో 64 బిట్ రకం తప్ప మరొకటి లేదు. పేజ్‌మేకర్ 7 వంటి 32 బిట్ ప్రోగ్రాములను అది నడపగలదు గాని, ప్రింటర్, స్కానర్ వంటి పరికరాలను నడిపించే డ్రైవర్లు మాత్రం 64 బిట్‌వే కావాలి. మీ విండోస్ 10 గనుక 32 బిట్‌ది అయితే, ఇన్నేళ్లు నమ్మకంగా పనిచేసిన పాత లేజర్ ప్రింటర్ కొత్త సిస్టమ్‌లో పలకకపోవచ్చు. కాబట్టి ఈ రోజే సెట్టింగ్స్‌లో సిస్టమ్ టైప్ చూసుకోండి, ప్రింటర్ కంపెనీ వెబ్‌సైట్‌లో విండోస్ 11 డ్రైవర్ ఉందో లేదో వెదకండి. చవకగా వచ్చిందని స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ వైపు మాత్రం వెళ్లవద్దు. అది ఆర్మ్ అనే వేరే రకం ప్రాసెసర్, దానికోసం విడిగా రాసిన డ్రైవర్లు కావాలి, మన పాత పరికరాలకు అవి ఎవరు రాస్తారు?

కొత్త సిస్టమ్ వచ్చాక పాతదాన్ని వెంటనే అమ్మకండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకే శుభలేఖను రెండింటిలోనూ ప్రింట్ తీసి, ఒకదాని మీద ఒకటి ఉంచి వెలుతురుకు పట్టి చూడండి. అను ఫాంటు ఒకే పేరుతో ఉన్నా వెర్షన్ మారితే అక్షరాల వెడల్పులో వెంట్రుకవాసి తేడా వచ్చి, ముహూర్తం వరుసలోని చివరి మాట కింది వరుసకు జారిపోతుంది. ‘శాస్త్రోక్తముగా’, ‘జ్యేష్ఠ’ వంటి మాటల్లో వత్తులు సరిగా కూర్చున్నాయో లేదో ప్రత్యేకంగా గమనించండి. పెండ్లివారు ఆ తప్పును వెయ్యి కార్డులు అచ్చయిన తరువాతే చూస్తారు!

ఇక తేదీల విషయం. కార్తీకంలో ముహూర్తాలుంటాయి కనుక అప్పుడు చేతినిండా పని ఉంటుంది. నవంబరు ఆఖరులో శుక్రమౌఢ్యం మొదలై ఫిబ్రవరి మధ్య వరకు ఉంటుందని పంచాంగం చెబుతోంది; ఆ రోజుల్లో శుభలేఖల పని పలచబడుతుంది. దసరాకు కొని, కార్తీకమంతా పాతదాని మీదనే పని చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడు కొత్తదాన్ని పరీక్షించి, మౌఢ్యంలో పూర్తిగా మారండి. గత ఏడాది 24హెచ్2 వచ్చిన కొత్తలో ఈఎస్‌సీఎల్ అనే, డ్రైవర్ అక్కరలేని పద్ధతిలో స్కాన్ చేసే కొన్ని యూఎస్‌బీ పరికరాలను కంప్యూటర్ గుర్తించకపోవడంతో, అవి ఉన్నవారికి మైక్రోసాఫ్టే ఆ అప్‌డేట్‌ను కొంతకాలం నిలిపివేయవలసి వచ్చింది. అందువల్ల 25హెచ్2 వచ్చిన రోజునే దాన్ని ఎక్కించుకోవలసిన అగత్యం కూడా లేదు.

జవాబు: కందుకూరు సర్వీస్

అసలు ఇప్పుడు కొనవలసిన అవసరమే లేదని నా అభిప్రాయం. విండోస్ 10కి మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు, భద్రతా అప్‌డేట్లు పొందే పథకం పెట్టారు. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉండాలి. సెట్టింగ్స్‌ను ఆ ఖాతాకు బ్యాకప్ చేసుకుంటే ఉచితంగా ఇస్తున్నారు. అది ఇష్టం లేకపోతే 30 డాలర్లు గాని, వెయ్యి రివార్డ్స్ పాయింట్లు గాని చెల్లించవచ్చు. ఆరో జనరేషన్ ఐ5 ఇంకా ముసలిది కాలేదు, హార్డ్ డిస్క్ తీసి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేస్తే చాలు.

జవాబు: నెల్లూరు వాసి

కందుకూరు వారు చెప్పిన పథకం నిజమే కాని, అది వ్యక్తిగత కంప్యూటర్లను ఉద్దేశించినది. సంస్థల డొమైన్‌లో, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌లో, చేరిన వాటికి వర్తించదు. పైగా ఏడాది తరువాత ఇదే ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. ఒంగోలు వారు చెప్పిన కార్తీకం గడువును దాటించడానికి అయితే అది చక్కగా పనికొస్తుంది. దానికోసమే చేరమంటాను, కొనుగోలును ఎగవేయడానికి కాదు. మరొక్క మాట: ఈ నెల 22 నుంచి జీఎస్టీ తగ్గుతోంది గనుక కంప్యూటర్ కూడా చవకవుతుందని కొందరు ప్రచారం చేస్తున్నారు. ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌ల మీద పన్ను ఇప్పటికే 18 శాతం, ఇకపైనా అంతే. పండుగ తగ్గింపు ఏమైనా ఉంటే అది దుకాణం ఇచ్చేదే.

ప్రశ్న అడిగినవారు: కావలి డీటీపీ

అందరికీ ధన్యవాదాలు. సిస్టమ్ టైప్ చూశాను, 64 బిట్ అనే ఉంది. ప్రింటర్‌కు విండోస్ 11 డ్రైవర్ కంపెనీ వెబ్‌సైట్‌లో దొరికింది గాని, స్కానర్‌కు విండోస్ 7 నాటిది తప్ప వేరేది కనబడలేదు. ఏడో జనరేషన్ సిస్టమ్ వద్దని దుకాణంవారికి చెప్పేశాను. దసరాకు బ్రాండెడ్ డెస్క్‌టాప్, ఒరిజినల్ విండోస్‌తో, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్నది తీసుకుంటాను. స్కానర్ కోసం పాతదాన్ని ఇంటర్నెట్ తీసేసి ఒక మూలన ఉంచుదామని అనుకుంటున్నాను. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో అటూ ఇటూ తేవడంలో వైరస్ బెడద ఉంటుందా, లేక రెండింటి మధ్య కేబుల్ వేసుకోవడం మేలా అన్నది ఒంగోలు వారు చెప్పగలరా?

జవాబు: ఒంగోలు ప్రెస్

కేబుల్ వేస్తే పాతది కొత్తదానితోపాటు నెట్‌వర్క్‌లోకి వచ్చేస్తుంది, ఇంటర్నెట్ తీసేసిన ప్రయోజనం కొంత పోతుంది. స్కాన్ ఫైళ్లకు ఒక పెన్‌డ్రైవ్ విడిగా పెట్టుకోండి. కస్టమర్లు తెచ్చిన పెన్‌డ్రైవ్‌లు మాత్రం పాత సిస్టమ్‌కు పెట్టకండి, వాటిని కొత్తదానిలోనే స్కాన్ చేసి తెరవండి.