హాంబర్గ్‌లో మూడు రోజులు, అమ్మానాన్నలతో: పడవ ఎప్పుడు, తిండి ఎలా, లూబెక్ కలుస్తుందా?

కపిలతీర్థం_తిరుపతి:
అందరికీ నమస్కారం. అక్టోబరులో అమ్మానాన్నలతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్తున్నాం. చివర్లో శుక్ర, శని, ఆదివారాలు హాంబర్గ్‌లో. అక్కడి నుంచే దుబాయ్ మీదుగా చెన్నై విమానం. నాన్నకు పాత రేవు, గిడ్డంగులు చూడాలని ఉంది, కానీ మోకాళ్ల నొప్పి. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. దగ్గర్లోని పాత ఊరు లూబెక్ కూడా ఇందులో కలుస్తుందా? ప్లాన్ ఎలా వేయాలో చెప్పండన్నా.

ఎల్బెగట్టు:
ముందు పోటు, పాటు వేళలు చూసుకోండి, మిగతాదంతా తర్వాత. హాంబర్గ్ సముద్రానికి వంద కిలోమీటర్ల లోపల ఉన్నా ఎల్బె నది రోజుకు రెండుసార్లు మూడున్నర మీటర్లకు పైగా లేచి దిగుతుంది. నీరు బాగా తగ్గితే ష్పైషర్‌ష్టాట్ గిడ్డంగుల మధ్య కాలువల్లోకి పడవ పోలేదు. మరీ పెరిగితే వంతెనల కింద పట్టదు. అలాంటప్పుడు పెద్ద రేవు మాత్రమే తిప్పి తెచ్చేస్తారు. అందుకే టికెట్ కొనేముందే 'ష్పైషర్‌ష్టాట్ లోపలికి పోతుందా' అని అడగండి. 'బార్కాసె' అనే చిన్న పడవే ఎక్కండి, పెద్దవి ఆ కాలువల్లోకి రావు. నెట్‌లో హాంబర్గ్ సాంక్ట్ పౌలి పేరుతో వేళలు దొరుకుతాయి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి శుక్రవారం చూసిన టైం ఆదివారానికి పనికిరాదు.

మోకాళ్ల సంగతీ ఇక్కడే ఉంది. పడవలెక్కే లాండుంగ్స్‌బ్రూకెన్ రేవు నీటి మీద తేలుతుంది. గట్టు మీంచి దాని మీదికి దిగే వారధులు నీరు తగ్గినప్పుడు బాగా ఏటవాలుగా ఉంటాయి. పోటు వేళకు వెళ్తే నాన్నగారికి సుఖం.

కాలువలోకి వెళ్లాక తలెత్తి చూడమనండి. ప్రతి గిడ్డంగికీ ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క వీధి. పైకప్పు కొసన కప్పీ. కాఫీ, మసాలాలు, తివాచీలు పడవలోంచి నేరుగా ఏ అంతస్తు తలుపుకైనా లాగేసేవాళ్లు. 1883 నుంచి 1927 దాకా కట్టిన ఈ ఎర్ర ఇటుక భవనాలన్నీ నేలలో దిగ్గొట్టిన దుంగల మీద నిలబడి ఉన్నాయి. 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

చిత్తూరు_ప్రయాణాలు:
62 నంబరు ఫెర్రీకి వేరే టికెట్ అక్కర్లేదు. హెచ్‌వీవీ (ఊళ్లోని రైళ్లు, బస్సులు, ఫెర్రీల సంస్థ) రోజు టికెట్, ఏబీ జోన్‌ది చాలు, ఎల్బె అవతలి గట్టున ఫిన్‌కెన్‌వెర్డర్ దాకా వెళ్లి రావచ్చు. వారాంతం మధ్యాహ్నం క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి. పాత ఎల్బె సొరంగం (1911) 24 మీటర్ల లోతులో 426 మీటర్లు. నడిచేవాళ్లకు ఉచితం, లిఫ్ట్ ఉంది. అవతలి గట్టు నుంచి ఊరు చాలా అందంగా కనిపిస్తుంది. మిఖేల్ చర్చి గోపురానికి 452 మెట్లు, అలిపిరి ఎక్కినవాళ్లకు లెక్క కాదు, నాన్నగారికైతే అక్కడా లిఫ్ట్ ఉంది.

తిరుగు ప్రయాణంలో జాగ్రత్త: విమానాశ్రయానికి పోయే ఎస్1 రైలు ఓల్స్‌డోర్ఫ్‌లో రెండుగా విడిపోతుంది. ముందు మూడు పెట్టెలే విమానాశ్రయానికి, వెనకవి పోపెన్‌బ్యూటెల్‌కు పోతాయి. సామానుతో వెనక ఎక్కారంటే ఓల్స్‌డోర్ఫ్‌లో ఉరుకులే.

కాణిపాకం_అక్క:
తమ్ముడూ, ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, మెయిన్ స్టేషన్‌లోవి తప్ప. పెరుగు, పళ్లు, బ్రెడ్ శనివారమే కొనిపెట్టుకోండి. అక్కడ శాకాహారం అంటే గుడ్డు ఉండొచ్చు, కాబట్టి 'ఓనె ఐ' (గుడ్డు లేకుండా) అని కూడా చెప్పాలి. స్టేషన్ పక్కన ష్టైన్‌డమ్ వీధిలో ఫలాఫెల్, హమ్మస్ దొరుకుతాయి. స్వీట్లు, పుడ్డింగుల ప్యాకెట్ మీద 'గెలాటినె' (జంతువుల నుంచి తీసే జెలటిన్) ఉంటే వద్దు. ఆదివారం ఫిష్‌మార్క్‌ట్ (చేపల సంత) పొద్దున 9:30కే అయిపోతుంది. పళ్ల బుట్టలు అమ్ముతారు గానీ చేపల వాసన గట్టిగా ఉంటుంది, అమ్మకు ఇబ్బంది.

ఎల్బెగట్టు:
లూబెక్ కలుస్తుంది, రైల్లో ముప్పావుగంటే. శనివారం పెట్టుకోండి. 1478లో పూర్తయిన హోల్‌స్టెన్‌టోర్ ద్వారం మెత్తటి నేలలో కుంగి ఒరిగింది, ఎదురుగా నిలబడితే తెలిసిపోతుంది. పక్కనే పాత ఉప్పు గిడ్డంగులు. లూనెబుర్గ్ ఉప్పు ఇక్కడి నుంచే ఓడల్లో ఉత్తరానికి, హెరింగ్ చేపలు ఊరబెట్టడానికి పోయేది. ఊరంతా పైనుంచి చూడాలంటే సాంక్ట్ పెట్రి గోపురం, లిఫ్ట్ ఉంది.

కపిలతీర్థం_తిరుపతి:
చాలా థాంక్సన్నా, అక్కా. లూబెక్‌కు హెచ్‌వీవీ టికెట్టే చెల్లుతుందా?

ఎల్బెగట్టు:
చెల్లదు. ష్లెస్విగ్-హోల్‌స్టైన్ టికెట్ ఒకటి తీసుకోండి, ముగ్గురికీ అదే. హాంబర్గ్ లోకల్ రైళ్లకూ పనికొస్తుంది. మామూలు రోజుల్లో ఉదయం 9 తర్వాతే, శనివారం ఆ నిబంధన లేదు. టికెట్ మీద ముగ్గురి పేర్లూ ఉండాలి. ఆర్‌ఈ అనే ప్రాంతీయ రైళ్లే ఎక్కండి, ఐసీఈ అనే వేగపు రైళ్లలో అది చెల్లదు.