సమస్య: దేవుఁడే నిల్చె నావెన్క దీను పగిది

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవాళ్ళ మీద. ఎదురుచూడని చోట ఒక మహా క్రీడాకారుడు మీ కంట పడ్డాడు. చివరి పాదం నేనిస్తాను, అది కుదిరేలా ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. పాదం ఇదీ (దేవుడే దీనుడిలా నా వెనక నిలబడ్డాడని):

దేవుఁడే నిల్చె నావెన్క దీను పగిది

పోయిన వారంలా అందరూ కలిసి భక్తిపద్యాలు కుమ్మరిస్తే మాత్రం తీసేస్తాను.

పెవిలియన్:
అందరికంటే ముందు నేనే. దేవుడంటే ఎవరో వేరే చెప్పాలా?

శతము శతకాలు గొట్టిన సచినుఁ డహహ!
టోపి కనులపై దించుక తోడు లేక
ఎవ్వ రెఱుఁగని తీరుగ నేగుదెంచె
దేవుఁడే నిల్చె నావెన్క దీను పగిది

అరసున్న:
రెండో పాదం మరోసారి చదువుకోండి. టో ఎక్కడ, తో ఎక్కడ? పాదం మొదటి అక్షరానికి నడుమ జత కుదరాలి, అదే యతి. ఆ రెంటికీ యతి ఏ లాక్షణికుడు ఒప్పుకున్నాడో చెబితే మేమూ వాడుకుంటాం.

పెవిలియన్:
టోపీ వంద శతకాల తలమీద ఉంది. దాన్ని వదిలేసి మీ కన్ను యతిమీదే పడిందా!

తేనెపట్టు:
పోట్లాట ఎందుకు, ఒక్క మాట మారిస్తే సరిపోతుంది:

టోపి కనులపై దించుక రూపు దాచి

టోపి, రూపు. మొదటి అక్షరాలు కలవకపోయినా రెండో అక్షరాలు కలిశాయి, ప్రాసయతి కుదిరింది, అర్థమూ బిగిసింది. తోడు లేకపోవడం కంటే రూపు దాచుకోవడమే ఇక్కడ కావలసిన సంగతి. టోపీ అంచు కిందినుంచి గడ్డం మాత్రమే కనబడుతుంటే ‘ఈ గడ్డం ఎక్కడో చూశానే’ అనుకునే ఆ అరక్షణం ఉంది చూడండి, పద్యం అక్కడ పుట్టాలి. సచిన్ అని మొదటి పాదంలోనే చెప్పేశాక ఇక చూసేదేముంది?

ప్రాసమిత్ర:
సచిన్‌ను దేవుడనడం పాత పాటే. నా దేవుడు పేరులోనే ఉన్నాడు. చిత్తగించండి:

పదియు నేడింట నేవురు పడిన నాఁడు
నూట డెబ్బది యైదుతో నోళ్ళు మూసి
కప్పుఁ దెచ్చిన మొనగాఁడు ఘనుఁడు, కపిల
దేవుఁడే నిల్చె నావెన్క దీను పగిది

పెవిలియన్:
ఆహా! మూడో పాదం చివర ‘కపిల’ దగ్గర ఆగి, కింది పాదంలోకి దిగేసరికి ఒళ్ళు జలదరించింది. కపిల్ దేవ్ 175 కొట్టిన ఆ టన్‌బ్రిడ్జ్ వెల్స్ ఇన్నింగ్స్‌కు వీడియో కూడా లేదు. 1983 జూన్ 18న ఆ మైదానంలో ఉన్నవాళ్ళకే ఆ ఆట దక్కింది, మిగతా లోకానికి అంకెలే. ఆటను చూడలేకపోయినవాడికి ఆ మనిషే వరుసలో వెనక నిలబడి కనబడటం, బాగుంది.

అరసున్న:
ప్రాసమిత్రగారికి ఇది అలవాటైన విద్య. మొన్న రాముడి సమస్యలో ముందు ‘బల’ తగిలించి బలరాముణ్ణి చేశారు. ఇప్పుడు ‘కపిల’ తగిలించారు. రేపు సమస్యలో ఎవరు వచ్చినా ముందొక అతుకు సిద్ధంగా ఉంటుంది. సరే, దేవుణ్ణి విరిచారు. దీనుడి సంగతి? ప్రపంచకప్పు తెచ్చిన మొనగాడు దీనుడిలా ఎందుకు నిలబడ్డాడు? పద్యంలో ఒక్క ముక్క లేదు. సగం సమస్య పూరించకుండా వదిలేశారు.
పైగా పదిహేడుకు అయిదో వికెట్ పడిన మాట నిజమే గాని, కపిల్ బ్యాటు పట్టుకుని దిగింది తొమ్మిదికి నాలుగు పడ్డప్పుడు.

ప్రాసమిత్ర:
నేను రాసింది పద్యం, స్కోరుకార్డు కాదు. అయిదో వాడు పడినప్పుడు ఆయన క్రీజులోనే ఉన్నాడు గదా! ఇక బలరాముడి పూరణకు ఆ రోజు మొదటి మెచ్చుకోలు ఎవరిదో ఒకసారి వెనక్కి వెళ్ళి చూసుకోండి.

తేనెపట్టు:
అరసున్నగారు అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే నాకు అంతకంటే పెద్ద వెలితి ‘వెన్క’ దగ్గర కనిపిస్తోంది. ఆ ప్రపంచకప్పు ఫైనల్లో వెస్టిండీస్ ఆటగాడు రిచర్డ్స్ క్యాచ్ కోసం వెనక్కి తిరిగి పరుగెత్తిన మనిషి ఆయన. అటువంటివాడు మన వెనకే నిలబడ్డాడంటే ఆ మాట ఎంత పండాలి! రెండో పాదం ఇలా ఉంటే?

వెనుకఁ బరుగెత్తి బంతిని వ్రేళ్ళఁ బట్టి

ప్రాసమిత్ర:
అంటే నూటడెబ్బై అయిదును వదులుకోవాలా? ఆ అంకె యతిలో ఇమడటానికి ఎంత అవస్థ పడ్డానో మీకేం తెలుసు!

నల్లకలువ:
అందరూ దేవుళ్ళేనా? 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయిన కరణం మల్లీశ్వరి మన వెనక నిలబడకూడదా? ‘దేవతయె నిల్చె నావెన్క దీన పగిది’ అంటే గణాలూ (పాదంలో అక్షరాల కొలతలూ) సరిపోతాయి. అంత బరువెత్తిన చేతులు, ‘కాస్త ఈ సంచీ పట్టుకుంటారా’ అని మనల్ని అడిగితే ఆ దైన్యానికి కారణం వెతకనక్కర్లేదు.

నిర్వాహకుడు:
గణాలు సరిపోతాయి, నియమం సరిపోదు. సమస్యాపాదం మార్చకూడదు. సంచీ మాత్రం అద్భుతం, అది నాకు ఇచ్చేయండి.

అరసున్న:
అడగడమే కాదు, చేసి చూపించాలి కదా. నా పూరణ:

బంతి కర్రకు నంటిన భ్రాంతి గొలుపు
ధ్యానచందుఁడు ముదిమితోఁ దనువు వడఁక
వైద్యశాలను మందుకై వరుసఁ జేరి,
దేవుఁడే నిల్చె నావెన్క దీను పగిది

హాకీలో మూడు ఒలింపిక్ స్వర్ణాలు. 1936 బెర్లిన్ ఫైనల్లో జర్మనీ మీద ఎనిమిది గోల్స్‌కు ఒకటి. చివరి రోజుల్లో డబ్బుకు ఇబ్బంది. దీనుణ్ణి నేను తెచ్చిపెట్టలేదు.

ప్రాసమిత్ర:
ధ్యాన్‌చంద్ కన్నుమూసింది 1979లో. మందుల వరుసలో ఆయనకు ముందు నిలబడాలంటే మీరు అప్పటికి పుట్టి ఉండాలి. స్కోరుకార్డు అడిగినవారు జన్మపత్రిక చూపించరా?

అరసున్న:
మీ వెనక కపిల్ నిలబడిన నాటి ఫొటో పెట్టండి, నేను జన్మపత్రిక పెడతాను.

పెవిలియన్:
వాదులాడుకోండి గాని, ‘తనువు వడఁక’ దగ్గర నాకు ఇంకో పద్యం చదవబుద్ధి కాలేదు. బంతిని కర్రకు అంటించినట్టు ఆడినవాడి చేతిలో మందుచీటీ నిలవడం లేదు. వెనక్కి తిరిగి చూసినవాడు నోరు తెరిచి ఏమనగలడు?

తేనెపట్టు:
అవును. ప్రాసమిత్రగారిది విరుపు, అరసున్నగారిది పూరణ. మొదటిది చప్పట్లు కొట్టిస్తుంది, రెండోది కొట్టనివ్వదు.

ప్రాసమిత్ర:
మీ తీర్పు ఎటు మొగ్గుతుందో నా పద్యంలో పాదం మార్చినప్పుడే తెలిసింది.

నిర్వాహకుడు:
ఈ వారం అరసున్నగారికే. పెవిలియన్‌గారి పద్యాన్ని ‘రూపు దాచి’తో సవరించి భద్రపరుస్తున్నాను. కపిల్ పద్యం ఉన్నదున్నట్టే, అంకెతో సహా. వచ్చే వారం పాదం:

పరుగు పెట్టనివానికే పతక మొచ్చె

ప్రాసమిత్ర:
చదరంగం. విశ్వనాథన్ ఆనంద్. ముందే చెప్పేస్తున్నాను, ఎవరూ తీసుకోవద్దు.

అరసున్న:
‘మొచ్చె’ అని రాసిందెవరు? ‘వచ్చె’ కదా!

నిర్వాహకుడు:
నేనే. గణాలు చూసుకుని మాట్లాడండి.