సీరియల్ రచయితే క్రియేటివ్ ప్రొడ్యూసర్ అయితే స్క్రిప్టు హక్కు ఎవరిది?

డైలీ సీరియల్‌కి స్క్రీన్‌ప్లే, మాటలు రాసే మనిషి క్రియేటివ్ ప్రొడ్యూసర్‌గా (కథతోపాటు నిర్మాణమూ చూసుకునే ఉద్యోగిగా) నెలజీతానికి చేరితే, రచనకి విడిగా ఒప్పందం పెట్టించుకోవాలా? ఇలాంటి కాగితాలు చూసినవాళ్లు కాస్త చెప్పండి.

చిక్కంతా కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌తోనే. ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు యజమానే. అయితే సినిమాటోగ్రాఫ్ కృతిలో (సినిమా, సీరియల్ లాంటి దృశ్య చిత్రీకరణలో) కలిసిన రచనపై రచయిత హక్కుకు దీనివల్ల భంగం రాదని 2012లో ఒక మినహాయింపు చేర్చారు. జీతం తీసుకునే రచయితకి అది నిజంగా అక్కరకొస్తోందా, లేక కాగితం మీదేనా?

రెండోది, హక్కులు రాసిచ్చే ఒప్పందాల గురించిన 19వ సెక్షన్. హక్కులు ఎన్నాళ్లకో రాయకపోతే 5 ఏళ్లు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. అందుకే కాబోలు, కంపెనీల నమూనా ఒప్పందాల్లో 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అన్న ముక్క ముందే అచ్చయి ఉంటుంది! డబ్బింగ్, రీమేక్, ఓటీటీలకి వేర్వేరు రేట్లు రాయించడం సాధ్యమేనా?

ఇక డబ్బు. అరగంట స్లాట్‌కి ప్రకటనలు పోను 20–22 నిమిషాల ఎపిసోడ్ కావాలి. ఛానల్ కథ ట్రాక్ మార్చమంటే బ్యాంకింగ్ ఎపిసోడ్లు (ముందే తీసి నిల్వ పెట్టినవి) కరిగిపోతాయి. రీషూట్‌కి కాల్షీట్లు, షూటింగ్ ఇంటి అద్దె మళ్లీ పడతాయి. ఉద్యోగానికీ రచనకీ ఒకే ఒప్పందమైతే ఆ నష్టాన్ని రచన పారితోషికంలో కోసే వీలుంది. ఎన్ని తిరగరాతలు ఉచితం, ఆపైన ఎపిసోడ్‌కి ఎంత అన్నది ఏ మాటల్లో రాస్తే నిలుస్తుంది? వాడిన క్లాజు ఉంటే, పేర్లు తీసేసి పెట్టండి.